చిటికెడు తక్కువ పులగం

అనగనగా, గోదావరి ఇంకా చిన్నపిల్లగా ఉండి, ఎవరి మాటా వినకుండా ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్న రోజుల్లో, ఆ నీళ్ళ మధ్యన ఒక లంక మీద ఒక ఊరు ఉండేది. చుట్టూ నీళ్ళు, నీళ్ళ మధ్య ఇసుక, ఇసుక మీద ఇళ్ళు. ఆ ఊరికి పేరు లేదు. ఊళ్ళోవాళ్ళు "మన లంక" అనేవాళ్ళు, అంతే. పక్క లంకవాళ్ళూ వాళ్ళ ఊరిని "మన లంక" అనే అనేవాళ్ళు. ఆ పక్క లంకవాళ్ళూ అంతే. నవ్వకు. ఊళ్ళకి పేర్లు పెట్టుకునే తీరిక అప్పట్లో ఎవరికుంది?

ఆ ఊళ్ళో పడవింట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. అక్క మరిడమ్మ, చెల్లి పేరంటాలు. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. మరిడమ్మే పడవ నడిపేది. ఎంత పొడుగంటే, ఆవిడ కదలకుండా నిలబడితే చెట్టనుకుని కొంగలు భుజం మీద వాలేవి. ఎంత బలమంటే, గెడ నేలకి తన్ని ఒక్క తోపు తోసిందంటే పడవతో పాటు లంక కూడా కాస్త అటు జరిగేది. పేరంటాలేమో గుప్పెడంత పిల్ల. పడవ చివర కూర్చుని, అక్క వీపు చూస్తూ పెరిగింది.

ఆ లంకలోనూ, చుట్టుపక్కల లంకలన్నిట్లోనూ ఒక ఆచారం ఉండేది. ఏటా వరదొచ్చినప్పుడు ఊరంతా పడవెక్కి గట్టుకి పోయేది. నీళ్ళు తీశాక తిరిగొచ్చి, మళ్ళీ గుడిసెలు వేసుకునేది. ఆ తర్వాత మంచు పట్టే రోజుల్లో, ఒక పొద్దున్న, ఊరి కుండ పెట్టేవాళ్ళు. ఇంటికి గుప్పెడు బియ్యం, గుప్పెడు పెసరపప్పు తెచ్చి, అన్నీ ఒకే కుండలో పోసి పులగం వండేవాళ్ళు.

ఆ కుండ ఎంతనుకున్నావు? కలపడానికి గరిటె చాలక పడవ తెడ్డు వేసేవాళ్ళు. ఒకసారి ఒక గేదె కుండలోకి తొంగి చూసి చెరువనుకుందట. పట్టుకుని ఆపకపోతే దిగి పడుకునేది.

పులగం ఉడికాక ఊరిపెద్ద పెద్దింట్లు తాత కుండ పక్కన నిలబడి, "అందరూ వచ్చారా?" అని అరిచేవాడు. ఊరంతా ఒక్క గొంతుతో "అందరం వచ్చాం!" అనేది. ఆ కేకకి కుండ మీద మూత ఎగిరి దూరంగా పడేది.

అప్పుడు, అప్పుడు మాత్రమే, పడవింటి ఆడపిల్ల జాడీలోంచి గుప్పెడు ఉప్పు తీసి కుండలో వేసేది. ఊరందరినీ మోసే ఇల్లు అది, అందుకని ఉప్పు ఆ ఇంటి చేతిదే. వేరే చెయ్యి ఉప్పు పడితే కుండ పగిలిపోతుందని ఊరి నమ్మకం. అంత కుండకి గుప్పెడు ఉప్పు ఏ మూలకంటావేమో. ఆ రోజుల్లో ఉప్పు అలాంటిది మరి.

ఒక ఏడు వరదొచ్చింది. మామూలు వరద కాదమ్మా. చినుకు చినుకూ గుమ్మడికాయంత. చేపలు చూరు పట్టుకుని వేలాడాయి. కప్పలు మాకు ఈత రాదని ఏడ్చాయి. ఊరంతా పరుగున వచ్చి పడవెక్కింది.

మరిడమ్మ గెడ పట్టుకుని, "అందరూ ఎక్కారా?" అంది.

"అందరం ఎక్కాం!" అన్నారు.

అప్పుడు మరిడమ్మ పడవ తోసింది. అలలు తాడిచెట్టంత లేచాయి. ఆవిడ వాటిని గెడతో అదిలించుకుంటూ ఊరందరినీ గట్టున దింపింది. దింపిన తర్వాత పేరంటాలు ఒక్కసారిగా గొంతు చించుకుంది.

"అక్కా, జాడీ! ఉప్పు జాడీ మరిచిపోయానే!"

"ఓసి మొద్దూ, జాడీకి ఏడుస్తారా? ఇట్టే పోయి అట్టే తెస్తాను," అంది మరిడమ్మ. పడవ మళ్ళీ తిప్పుకుంటూ వెనక్కి చూసి, "నేనొచ్చేదాకా ఉప్పు వెయ్యకు. నేను లేకుండా పులగం తిన్నావో, నీ జడ కత్తిరించి పడవకి తాడు చేస్తా!" అంది.

పేరంటాలు ఏడుపులోనే నవ్వింది.

మరిడమ్మ వాన తెరలోకి వెళ్ళింది. ఆ తర్వాత వాన తెర మిగిలింది, మరిడమ్మ కనపడలేదు.

నీళ్ళు తీశాయి. ఊరు గట్టువాళ్ళ పడవెక్కి లంకకి తిరిగొచ్చింది. చూస్తే అది వాళ్ళ లంకలా లేదు. రేవు ఉన్న చోట గుంట, గుంట ఉన్న చోట దిబ్బ. తాడిచెట్లు లేవు, తోపు లేదు. నది పాత పాయలన్నీ చెరిపేసి కొత్త పాయలు గీసుకుంది. అయినా మనుషులు ఊరుకుంటారా? గుడిసెలు లేపారు. పోయిన జాడీ బదులు గట్టునించి ఉప్పు తెచ్చుకున్నారు. మంచు పట్టింది. ఊరి కుండ పెట్టారు.

ఆ మంచు ఎంత చిక్కగా ఉందంటే, కత్తిపీట వేసుకుని తరిగి బుట్టలో పోసుకోవచ్చు. నా చెవి కమ్మల మీద ఒట్టు. పక్కనున్న మనిషిని తడిమి చూసుకుని పలకరించాలి.

పెద్దింట్లు తాత, "అందరూ వచ్చారా?" అన్నాడు.

"అందరం వచ్చాం!" అంది ఊరు. డప్పులు మోగాయి. మూత ఎగిరిపడింది.

ఆ కేక అడుగున, మంచులో ఎక్కడో, నీళ్ళలో గెడ పడ్డ చప్పుడు పేరంటాలుకి వినపడింది. టప్... టప్... దగ్గరికొచ్చినట్టే వచ్చి ఆగింది. ఆ తర్వాత దూరమైపోయింది. పేరంటాలు గుప్పిట్లో ఉప్పుతో అలాగే రేవుకి పరిగెత్తింది. ఒడ్డున చిన్న అల ఒకటి ఇసుకని నాకి పోయింది. ఇంకేం లేదు.

వెనక్కొచ్చి కుండ పక్కన నిలబడింది. గుప్పిట విప్పలేదు.

"ఏంటే పిల్లా, ఉప్పెయ్యి. పులగం అడుగంటుతోంది," అన్నాడు తాత.

"అక్క రాలేదు తాతా."

"ఊరంటే ఉన్నవాళ్ళేనే. లేనివాళ్ళందరినీ కలుపుకుంటూ కూర్చుంటే ఇక అందరూ అనే మాట ఎప్పటికి అంటాం?"

"అక్కని తీసేశాక అది అందరూ ఎలా అవుతుంది?"

తాత తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. మాట తోచనప్పుడు ఆయన చేసే పని అది. మూడు అక్షరాల మాట చూడు, మూడు లోకాలు దూరినా ఇంకా చోటుంటుంది. ఒక్క మనిషి జారిపోతే మాత్రం కన్నమే. ఆ కన్నం పేరంటాలుకి కనపడుతోంది, తాతకి కనపడటం లేదు.

ఊరు బతిమాలింది. ఊరు కసిరింది. ఉప్పు గుప్పిట్లోనే కరిగి, చెమటతో కలిసి పేరంటాలు మోచేతి దాకా కారింది. గుప్పిట మాత్రం విడలేదు. ఆఖరికి అందరూ చప్పిడి పులగమే తిన్నారు. తింటూ పెట్టిన మొహాలు చూసి కాకులు కూడా ఆ ఎంగిలి ముట్టలేదు.

తాత పెళ్ళాం అచ్చియ్యమ్మ ఒక్కతే తన విస్తరి తెచ్చుకుని పేరంటాలు పక్కన కూర్చుంది. "ఉప్పు లేకపోతే పోయిందిలే. మా ముసలాయన మీద చాడీలు చెప్తాను, నంజుకుని తిను," అంది. ఆవిడ చెప్పిన చాడీలకి పేరంటాలు కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత ఏడాది గడిచింది. పేరంటాలు రోజూ రేవులో కూర్చునేది. నీళ్ళ మీద పోయే ప్రతి దుంగనీ "మా అక్కని చూశావా?" అని అడిగేది. దుంగలు ఏం చెప్తాయి? కొబ్బరికాయ తేలుతూ వస్తే అక్క తలకాయేమోనని లేచి నిలబడేది. చూసి చూసి ఆ పిల్ల కళ్ళు ఎంత పెద్దవయ్యాయంటే, మిగతా మొహానికి చోటు చాల్లేదు.

మళ్ళీ మంచు పట్టే రోజులొచ్చాయి. ఈసారి ఊళ్ళోవాళ్ళు ఒక తెలివి చేశారు. గట్టు మీద ఊళ్ళో బుట్టలల్లే పొడుగావిడ ఒకావిడ ఉంది. ఆవిడని తీసుకొచ్చి, మరిడమ్మ ఎర్ర చీర కట్టి, మంచులో దూరంగా నిలబెట్టారు.

తాత, "అందరూ వచ్చారా?" అన్నాడు.

"అందరం వచ్చాం!" అంది ఊరు. పొడుగావిడ కూడా గొంతు కలిపింది.

మంచులో టప్... టప్... వచ్చినట్టే వచ్చి ఆగింది. మళ్ళీ దూరమైపోయింది.

పేరంటాలు అటు పరిగెత్తబోతుంటే తాత చెయ్యి పట్టుకుని, "అదిగోనే మీ అక్క!" అని ఎర్ర చీరవైపు చూపించాడు. ఆ పిల్ల గుండె పొట్టేలులా ఎగిరి గంతేసింది. పోయి చూసింది. మనిషి పొడుగే. చీర అక్కదే. చేతికి గెడ ఇస్తే రోకలి పట్టుకున్నట్టు పట్టుకుంది.

"చెల్లీ, నేనేనే మీ అక్కని," అంది ఆ పొడుగావిడ. అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వెందుకు ఏడుస్తున్నావు?" అంది పేరంటాలు.

"నిజంగా చెల్లీ అని పిలిచి చాలా రోజులైంది. మా చెల్లిని ఎగువ ఊరికి ఇచ్చారు. దాని మొహం చూసి ఎన్నేళ్ళయిందో."

అప్పుడు పేరంటాలు ఆవిడని ఒక్క మాట అనలేదు. అక్క చీర కొంగుతోనే ఆవిడ కళ్ళు తుడిచింది. తీసుకొచ్చి విస్తరి వేసి కూర్చోబెట్టింది. గుప్పిట మాత్రం విప్పలేదు. ఊరు మళ్ళీ చప్పిడే తిన్నది. పొడుగావిడ పులగంలో మాత్రం ఉప్పదనం తగిలిందట. కళ్ళ నీళ్ళు పడితే తగలదూ?

ఊఁ కొడుతున్నావా? కొట్టు. నువ్వు ఊఁ కొట్టకపోతే మరిడమ్మ ఎటు రావాలో తెలియక గోదాట్లోనే తిరుగుతుంది.

ఆ తర్వాత ఇంకో ఏడు గడిచింది. ఆ ఎండాకాలంలో అచ్చియ్యమ్మ పోయింది. తాత తలపాగా రోజంతా విప్పి చుట్టుకుంటూనే ఉండేవాడు. గుడ్డ అరిగి అరిగి జేబురుమాలంత అయింది.

మూడోసారి ఊరి కుండ పెట్టారు. మంచు దిగింది. ఈసారి దాన్ని కత్తిపీట కూడా తెగ్గొయ్యలేదు, గొడ్డలి కావాలి. పులగం ఉడికింది. పేరంటాలు గుప్పిట్లో ఉప్పు పట్టుకుని నిలబడింది. డప్పుల వాళ్ళు కర్రలెత్తారు.

తాత నోరు తెరిచాడు. "అందరూ..." అన్నాడు.

ఆగిపోయాడు.

అలవాటు కొద్దీ పక్కకి చూశాడు. అచ్చియ్యమ్మ నిలబడే చోట మంచు నిలబడి ఉంది. గొంతు సవరించుకుని, "అందరూ..." అన్నాడు మళ్ళీ. మాట అక్కడే ఇరుక్కుంది. ఊరంతా నోరు తెరుచుకుని జవాబు కేక పట్టుకుని కూర్చుంది, తాత అడగడే!

మూడోసారి "అందరూ" అనబోయి, కుండ పక్కనే ఇసుకలో కూలబడ్డాడు.

"నిజమేనే పిల్లా," అన్నాడు. "మా ముసల్ది రాలేదు. అది లేకుండా ఆ మాట గొంతు దాటట్లేదు."

పేరంటాలు వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఈసారి నంజుకోవడానికి చాడీలు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. "నాకు అక్క ఒకరు తక్కువ, నీకు అవ్వ ఒకరు తక్కువ. ఆ మాటే అను తాతా," అంది.

అప్పుడు తాత లేచి, జేబురుమాలంత తలపాగా నెత్తిన సర్దుకుని, "ఏమర్రా! ఎవరెవరు రాలేదు?" అన్నాడు.

ఇలాంటి ప్రశ్న ఆ లంక పుట్టాక ఎవరూ అడగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పలకాల్సిన వాళ్ళు అక్కడ ఉంటేగా? ఆ తర్వాత వెనకనించి ఒక ముసలమ్మ, "మా పెద్దాడు," అంది. ఇంకో మూలనించి, "మా అమ్మ," అన్నారు. "మా వదిన." "నాతో గోలీలాడేవాడు." "పురిట్లో పోయిన మా బుజ్జిది." పిలవకపోయినా ఆ ఏడు తనంతట తనే వచ్చిన పొడుగావిడ, "మా చెల్లి," అంది. పేర్లు ఒకదాని మీద ఒకటి లేచాయి. ఏ ఇల్లూ మిగల్లేదు. ఆఖరికి ఊరంతా ఒక్క గొంతై, గుండెల్లోంచి అరిచింది.

"మాకు ఒకరు తక్కువ!"

ఆ కేక ముందు పాత కేకలు చీమ తుమ్ములు. మూత ఎగిరి పడటం కాదు, ఇంకా పడలేదు. ఇప్పటికీ పైన ఎక్కడో తిరుగుతోంది. పున్నమి నాడు గుండ్రంగా కనపడేది ఏంటనుకున్నావు?

అరిచాక డప్పులు కొట్టాలని ఎవరికీ తోచలేదు. ఊరంతా ఊరికే నిలబడింది. ఆ లంకలో పండగ నాడు అంత నిశ్శబ్దం అదే మొదలు.

ఆ నిశ్శబ్దంలో, టప్... టప్...

ఈసారి ఊరందరికీ వినపడింది. దగ్గరికొచ్చింది. ఆగింది. పేరంటాలు నీళ్ళ అంచుకి పరిగెత్తింది.

టప్, టప్, టప్, టప్! మంచుని చీల్చుకుంటూ పడవ ముక్కు బయటికొచ్చింది. దాని వెనక గెడ. గెడ వెనక, భుజాన రెండు కొంగల్ని వేసుకుని, మరిడమ్మ!

పేరంటాలు నీళ్ళలోకి దూకిందో, నీళ్ళ మీద నడిచిందో ఎవరూ సరిగ్గా చూడలేదు. చూసేసరికి అక్క మెడకి చుట్టుకుని ఉంది.

"ఎక్కడికి పోయావే? ఎందుకు రాలేదే?"

"రాకేం? వరద నన్ను సముద్రం దాకా ఈడ్చుకుపోయింది. అక్కణ్ణించి గెడ వేసుకుంటూ వచ్చాను. చూస్తే ఏ లంకకా లంక ఒకలాగే ఉంది. మన లంక ఏదండీ అంటే, ప్రతివాళ్ళూ ఇదే మన లంక అంటారు. పేరంటాలూ అని పిలిస్తే ప్రతి లంకలోనూ ఓ పేరంటాలు ఓయ్ అని పలికింది. వెళ్ళి చూస్తే మీసాలొచ్చిన ముసలమ్మ! ఇక లాభం లేదని, కుండ పెట్టే రోజుల్లో లంక లంకకీ తిరిగి కేక వినేదాన్ని. ఏ లంక పక్కకి పోయినా 'అందరం వచ్చాం, అందరం వచ్చాం' అనే. సరేలే, అందరూ ఉన్నారంటే ఇది మాది కాదు. మా ఊళ్ళో నేను లేనుగా! నేను లేకుండా మావాళ్ళు ఆ మాట అనరు, అని గెడ వేసుకుని ముందుకి పోయేదాన్ని."

ఊరు ఊరంతా తల దించుకుంది.

"ఈ లంక పక్కకీ రెండుసార్లు వచ్చావు కదూ?" అంది పేరంటాలు మెల్లిగా.

"వచ్చే ఉంటాను. ఇవాళ ఒకరు తక్కువ అని వినపడింది. ఆ ఒకరు నేనే అనుకున్నాను."

మరిడమ్మ పడవ అడుగునించి జాడీ తీసింది. పాత ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది. సముద్రం దగ్గర కొత్తది నింపుకొచ్చింది, తెల్లగా, కలకండ పలుకుల్లా. "ఇదిగోనే నీ జాడీ. జడ ఉందా, తిన్నావా?" అంది. పేరంటాలు జడ తెచ్చి ముందుకి వేసుకుని చూపించింది.

అప్పుడు పేరంటాలు జాడీలోంచి గుప్పెడు ఉప్పు తీసింది. కుండ మీదకి చెయ్యి చాపింది. విప్పబోతూ ఎందుకో తాత వైపు చూసింది. తాత నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూనే మంచులోకి, పడవ వచ్చిన వైపే, ఇంకా చూస్తున్నాడు. మా పెద్దాడు అన్న ముసలమ్మా అటే చూస్తోంది. పొడుగావిడా అటే. ఇంకో పడవేమైనా వస్తుందేమోనని.

పేరంటాలు గుప్పిట్లోంచి ఒక చిటికెడు తీసి జాడీలో వెనక్కి వేసేసింది. మిగతాది కుండలో వేసింది.

"అదెవరికే?" అన్నాడు తాత.

"ఇంకా రావాల్సినవాళ్ళది తాతా. రానీ, అప్పుడు వేద్దాం."

తాత పులగం నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "చిటికెడు తక్కువైందే," అన్నాడు. ఇంకో ముద్ద పెట్టుకుని, "సరిపోయింది," అన్నాడు.

ఆ తర్వాత ఆ లంకలో అందరూ వచ్చారా అని ఎవరూ అడగలేదు. ఏటా మంచులో నిలబడి, "మాకు ఒకరు తక్కువ!" అని అరిచి, కాసేపు చెవులు రిక్కించి వింటారు. ఒక్కో ఏడు టప్... టప్... వినపడుతుంది. ఒక్కో ఏడు వినపడదు. అప్పుడు తింటారు.

నేను కూరలో ఉప్పు చిటికెడు తక్కువ వేస్తానని మీ అమ్మ రోజూ సణుగుతుంది చూడు, ముసల్దానికి మతిమరుపు అని. అంటే అననీ. నువ్వు మాత్రం అసలు సంగతి చెప్పకు. ఎవరి చిటికెడు అని అడక్కు. కళ్ళు మూసుకో.

పడవేమో రేవుకి, గెడేమో చూరుకి,
కొంగలేమో గూటికి, మూతేమో మింటికి,
చిటికెడేమో జాడీకి, కునుకేమో కంటికి,
కథ నడిచెను కంచికి, నువ్వు ఒదుగు ఒంటికి.